చార్టు మీద అడ్డగీత

సోమేశ్వర్ చేసే ఉద్యోగమేమిటో ఇంట్లోవాళ్ళకు ఎన్నడూ సరిగ్గా అర్థం కాలేదు. సంగారెడ్డి పాత బజారులో జొన్నలూ కందులూ కొని అమ్మే దుకాణం వాళ్ళది. ఎవరైనా అడిగితే తండ్రి ప్రహ్లాద్ సేఠ్ "మావోడు రైళ్ళు నడుపుతడు" అని గొప్పగా చెప్పేవాడు. తల్లి రుక్మిణి కొడుకు ఇంజను మసిలో మాడిపోతున్నాడేమోనని, వచ్చినప్పుడల్లా సున్నిపిండి డబ్బా ఒకటి చేతిలో పెట్టి పంపేది. నిజానికి సోమేశ్వర్ ఇంజను ఎక్కింది లేదు, మసి అంటించుకున్నది లేదు. పట్నంలో కిటికీ లేని ఒక గదిలో, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, బల్ల మీద పరిచిన పెద్ద కాగితంపై పెన్సిలుతో గీతలు గీస్తూ ఎనిమిది గంటలు కూర్చునేవాడు.

ఆ కాగితాన్ని చార్టు అనేవాళ్ళు. పైనుంచి కిందికి స్టేషన్ల పేర్లు, ఎడమ నుంచి కుడికి గంటలూ నిమిషాలూ. ఒక్కో రైలుకు ఒక్కో గీత. ఎక్స్‌ప్రెస్ గీత దాదాపు నిలువుగా లేస్తుంది. గూడ్సు గీత వాలుగా పాకుతుంది. వెనక నుంచి దూసుకొచ్చే రైలు గీత, ముందు మెల్లగా పోయే దాని గీతను ఎక్కడో ఒకచోట తాకబోతుంది. అది తాకకముందే మెల్లగా పోయేదాన్ని ఏదో ఒక చిన్న స్టేషనులో పక్క లైనుకు తప్పించి నిలబెట్టాలి. దేన్ని ఎక్కడ ఆపాలో, ఎప్పుడు వదలాలో స్టేషన్ మాస్టర్లకు ఫోనులో చెప్పడమే అతని పని. సెక్షన్ కంట్రోలర్ అంటారు. ఆపిన రైలు చార్టు మీద అడ్డగీత అవుతుంది. నిమిషాలు గడుస్తుంటాయి, గీత పైకి లేవదు.

1983లో అతనికి ఆ కుర్చీ దొరికింది. పటాన్‌చెరులో చిన్న ఇల్లు కిరాయికి తీసుకుని భార్య శకుంతలతో కాపురం పెట్టాడు. పొద్దున ఆరింటి డ్యూటీ ఉంటే నాలుగున్నరకే బస్సెక్కేవాడు. పని బాగా వచ్చినవాడని పేరు పడింది. రెండు ఎక్స్‌ప్రెస్‌ల నడుమ ఇరవై నిమిషాల సందు కనబడితే చాలు, ఒక గూడ్సును అందులోంచి ఇంకో స్టేషను దాకా జరిపేవాడు. మిగతా కంట్రోలర్లు అంత ఓపిక పట్టేవాళ్ళు కాదు.

ఆ లైనులో గూడ్సులు రెండు రకాలు. ఒకటి, బొంబాయి వైపు నుంచి వచ్చే ఫాస్ట్ గూడ్సు. కొత్త పెట్టెలు, మంచి ఇంజను. పటాన్‌చెరు, జిన్నారం ఫ్యాక్టరీలకు కావలసిన సరుకు చాలా వరకు దాంట్లోనే వచ్చేది. అది ఎక్కడ పది నిమిషాలు ఆగినా పై ఆఫీసర్లు ఫోను చేసి అడిగేవాళ్ళు. రెండోది, తాండూరు బండలు మోసుకొచ్చే స్లో గూడ్సు. పాత పెట్టెలు, షెడ్డులో మిగిలిన ఇంజను, గంటకు నలభై కిలోమీటర్లు కూడా దాటనిది. అది ఎక్కడ ఎంతసేపు పడి ఉన్నా అడిగే నాథుడు లేడు. దాని డ్రైవర్లు తప్ప.

పెంటయ్య ఆ డ్రైవర్లలో ఒకడు. అతని ముఖం సోమేశ్వర్ అయిదేళ్ళ దాకా చూడలేదు. గొంతు మాత్రం తెలుసు. పక్క లైనులో మూడు నాలుగు గంటలు నిలబడ్డాక స్టేషన్ మాస్టర్ గదిలోకి వచ్చి ఫోను అడిగి తీసుకునేవాడు.

"సార్, పెంటయ్యను మాట్లాడుతున్న. ఇంకెన్ని బండ్లున్నయి సార్ నా ఎన్క?"

"రెండున్నయి పెంటయ్యా. ఒక ఎక్స్‌ప్రెస్, ఒక ఫాస్ట్ గూడ్సు."

"గంతేనా? అయితే చాయ పెట్టుకుంట. తాగుతరా?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కొందరు డ్రైవర్లు ఫోనులో బూతులు తిట్టేవాళ్ళు. పెంటయ్య ఎప్పుడూ తిట్టలేదు. అందువల్లనే కాబోలు, అతని బండి అని తెలిస్తే సోమేశ్వర్ చార్టు మీద ఇంకో సందు కోసం వెతికేవాడు.

1988 ఎండాకాలంలో ఒకనాడు పటాన్‌చెరు బస్టాండులో కండక్టరుతో ఎవరో ఒకతను వాదిస్తున్నాడు. రైలు డ్రైవర్లు వెంట మోసే నల్లటి ఇనప పెట్టె ఒకటి బస్సులోకి ఎక్కించనివ్వాలని అడుగుతున్నాడు. సోమేశ్వర్ ఆ గొంతు విని ఆగిపోయాడు.

"నువ్వు పెంటయ్యవు గదా?"

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. రెండు క్షణాలు చూసి, "కంట్రోల్ సారా!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు గింత సన్నగుంటరనుకోలే సార్. ఫోన్ల పెద్ద మనిషి లెక్క ఇనవడుతరు."

అతనిది బోడకుంట. కర్దనూరు దాటి పొలాల్లోంచి పోతే వచ్చే ముప్పై నలభై ఇళ్ళ పల్లె. తాతల నుంచీ అక్కడే. తమ్ముడు చిన్నరాములు ఎవుసం చేసేవాడు. పెంటయ్య ఒక్కడే పదో తరగతి దాకా చదివి, స్టీము ఇంజన్లలో బొగ్గు వేసే పనిలో చేరి, పదిహేనేళ్ళ తర్వాత డ్రైవరయ్యాడు. ఆ ఆదివారం సోమేశ్వర్‌ను తన ఊరికి రమ్మన్నాడు. సోమేశ్వర్ వెళ్ళాడు.

ఆ ఇంట్లో మంచినీళ్ళు ఇవ్వలేదు. పెంటయ్య భార్య మొగులమ్మ ఇంత మజ్జిగ తెచ్చి, "నీళ్ళు ఇయ్యొద్దు అన్నా మా ఊర్ల. వచ్చినోళ్ళకు మజ్జిగే ఇస్తం. గిది గూడ కర్దనూరు నుంచి బిందెల తెచ్చిన నీళ్ళతోటి జేసింది," అంది. ఆమె అరచేతుల మీద చర్మం పొలుసులు పొలుసులుగా లేచి ఉంది. పైన ఫ్యాక్టరీలు వచ్చినప్పటి నుంచి వాగు రంగు మారింది. వాగు తర్వాత బావులు. చూలు బర్రెలు ఈసుకుపోయాయి, దూడలు దక్కలేదు. చిన్నరాములు రెండేళ్ళుగా వరి నాటు వేయడం మానేశాడు, వేస్తే మొలక నల్లబడుతోందని.

పెంటయ్య గూట్లోంచి గ్లూకోజు సీసాలు ఒక్కొక్కటే తీసి అరుగు మీద వరసగా పెట్టాడు. అయిదు సీసాలు. ఒక్కో దాని మీద కాగితం అంటించి, ఏ బావి నీళ్ళో, ఏ తేదీన ముంచాడో తన చేత్తో రాశాడు. 1984 నాటి సీసాలో నీళ్ళు తేటగానే ఉన్నాయి. అయిదోది చాయ్ రంగులో ఉంది.

"ఎవరికి సూపిస్తవు గివన్నీ?"

"ఎవరన్న అస్తరు గద సార్ ఎప్పుడన్న. అచ్చిన్నాడు మాటలతోటి చెప్తె ఇనరు. సూపియ్యాలె."

ఆ సాయంత్రం సోమేశ్వర్ ఇంటికి వచ్చి నల్లా కింద చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. శకుంతల ఏమైందని అడిగితే, కాళ్ళకు మట్టి అంటిందన్నాడు.

మూడేళ్ళు గడిచాయి. సీసాలు తొమ్మిదయ్యాయి. పెంటయ్య అర్జీలు రాసి సంగారెడ్డి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో సోమేశ్వర్ చేత రాయించినది ఒకటి. 1991 డిసెంబరులో ఎట్టకేలకు కబురు వచ్చింది. పల్లెల్లో నీళ్ళు పరీక్షించడానికి పట్నం నుంచి ఒక కమిటీ వస్తోంది. ఏయే ఊళ్ళ నీళ్ళు చెడిపోయాయో వాళ్ళు రాసుకుంటారు. ఆ పట్టీలో ఉన్న ఊళ్ళకు పైపులు వేసి మంచినీళ్ళు ఇస్తారు. బోడకుంటకు బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు రావచ్చు. ఒక్కరోజే.

పెంటయ్య సెలవు అడిగాడు. మనుషులు తక్కువ ఉన్నారని ఇవ్వలేదు. మంగళవారం రాత్రి బండల గూడ్సుతో బయలుదేరదీశారు.

బుధవారం పొద్దున ఆరింటికి సోమేశ్వర్ డ్యూటీ ఎక్కి చార్టు చూశాడు. పెంటయ్య బండి ఎర్రబండ అనే చిన్న స్టేషనులో పక్క లైనులో ఉంది. అక్కడి నుంచి వికారాబాద్ దాకా ఎక్కుడు దారి. వెనక ఫాస్ట్ గూడ్సు, దాని వెనక బొంబాయి ఎక్స్‌ప్రెస్, ఆ వెనక ఇంకో ఫాస్ట్ గూడ్సు. లెక్క ప్రకారం ఈ మూడూ పోయాకే బండల గూడ్సును వదలాలి. అట్లా అయితే పెంటయ్య లింగంపల్లిలో దిగేసరికి సాయంత్రం నాలుగు దాటుతుంది.

ఏడున్నరకు ఫోను వచ్చింది.

"సార్, పెంటయ్యను."

"ఎరుకే పెంటయ్యా. అదే సూస్తున్న."

"సార్, నేనెప్పుడు గూడ అడగలే. ఇయ్యాల అడుగుతున్న. రెండు గొట్టంగ ఊర్ల ఉండాలె నేను."

సోమేశ్వర్ స్కేలు పెట్టి చూశాడు. ముందున్న బండ్లు పోయి లైను ఖాళీ అయ్యేది ఎనిమిదింటికి. అప్పుడు వదిలితే ఎక్కుడు ఎక్కి వికారాబాద్ చేరడానికి యాభై నిమిషాలు. ఫాస్ట్ గూడ్సు ఎర్రబండకు వచ్చేది ఎనిమిది యాభైకి. అంటే సరిగ్గా సరిపోతుంది. వికారాబాద్‌లో పక్కకు తప్పించి రెండు బండ్లను ముందు పంపిస్తే, అక్కడి నుంచి దిగుడే. పన్నెండు లోపల లింగంపల్లి.

"ఇంజన్ ఎట్లున్నది?" అని అడిగాడు.

అటువైపు పెంటయ్య గొంతు సవరించుకున్నాడు.

"మంచిగనే ఉన్నది సార్."

సోమేశ్వర్ స్కేలు పక్కన పెట్టాడు. ఎనిమిదేళ్ళుగా ఆ గొంతు వింటున్నాడు. "ఇంజన్ బాగలేదు సార్" అని చెప్పినప్పుడు ఎట్లా ఉంటుందో తెలుసు, బాగున్నప్పుడు ఎట్లా ఉంటుందో తెలుసు. ఇది రెండూ కాదు. ఇంకోసారి అడగవచ్చు. అడిగితే నిజం చెప్తాడు. చెప్తే ఆపాలి.

అడగలేదు. ఎర్రబండ స్టేషన్ మాస్టరుతో, "బండల గూడ్సుకు లైను ఇయ్యండి," అన్నాడు. చార్టు మీద అడ్డగీత చివర పెన్సిలు పెట్టి వాలుగా పైకి గీశాడు.

ఎనిమిదీ రెండుకు బండి కదిలింది. ఎనిమిదిన్నర దాకా బాగానే ఉంది. ఆ తర్వాత వికారాబాద్ వాళ్ళు ఏమీ చెప్పలేదు. ఎనిమిదీ నలభైకి సోమేశ్వర్ అడిగాడు, రాలేదన్నారు. ఎనిమిదీ యాభైకి అడిగాడు, రాలేదన్నారు. ఫాస్ట్ గూడ్సు ఎర్రబండకు వచ్చి సిగ్నలు దగ్గర నిలబడింది. తొమ్మిదింటికి గార్డు లైను పక్కనున్న తీగకు ఫోను తగిలించి చెప్పాడు. రాత్రి నుంచే ఇంజనులో చక్రాలు తిప్పే ఆరు మోటార్లలో ఒకటి పనిచేయడం లేదు. పొద్దుటి మంచుకు పట్టాలు తడిసి చక్రాలు జారుతున్నాయి. ఎక్కుడు సగంలో బండి ఆగిపోయింది. పెంటయ్యా, అతని అసిస్టెంటూ దిగి చేతుల్తో ఇసక ఎత్తి పట్టాల మీద పోస్తున్నారు.

చీఫ్ కంట్రోలర్ సూర్యప్రకాశరావు వచ్చి సోమేశ్వర్ వెనక నిలబడ్డాడు. చార్టు చూశాడు. వికారాబాద్‌కు ఫోను చేసి ఇంకో ఇంజను పంపమన్నాడు.

వికారాబాద్ నుంచి ఇంకో ఇంజను పోయి, బండిని రెండు ముక్కలు చేసి, ఒకదాని తర్వాత ఒకటి పైకి లాగేసరికి పదకొండున్నర. బొంబాయి ఎక్స్‌ప్రెస్ రెండు గంటల పైన ఆలస్యం. మొత్తం లైనులో తొమ్మిది బండ్లు ఎక్కడివక్కడే. ఆ రోజు చార్టు చూస్తే అన్నీ అడ్డగీతలే. పెంటయ్యను వికారాబాద్‌లో దింపి, జరిగింది రాసిమ్మని కూర్చోబెట్టారు. అతను ఊరు చేరేసరికి చీకటి పడింది.

కమిటీ చెప్పినట్టే రెండింటికి వచ్చింది. చిన్నరాములు తొమ్మిది సీసాలు గంపలో పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. జీపులోంచి ఒకాయన దిగి, ఈ తేదీలు ఎవరు రాశారు, సాక్షి సంతకాలున్నాయా అని అడిగాడు. చిన్నరాములుకు చదువు రాదు. "మా అన్న రాసిండు సార్, ఇప్పుడే అస్తడు," అన్నాడు. బయటి సీసాలు పనికిరావు, మేమే ముంచుకోవాలి, బావి ఎక్కడ అన్నారు. బావి వాగు అవతల. జీపు పోదు. నడిచిపోతే ముప్పావుగంట. వాళ్ళు గడియారం చూసుకున్నారు. ఇంకా మూడు ఊళ్ళున్నాయి. ఊరి మొదట్లో ఉన్న బోరింగు నీళ్ళు ముంచుకుని పోయారు. ఆ బోరింగు నాలుగు నెలల కింద వేసింది, లోతుది. అందులో నీళ్ళు అప్పటికి బాగానే ఉన్నాయి.

పట్టీలో బోడకుంట పేరు రాలేదు.

వారం తర్వాత విచారణ. గదిలో సూర్యప్రకాశరావు, ఇంకో ఇద్దరు ఆఫీసర్లు.

"ఇంజను సంగతి డ్రైవరు నీకు చెప్పాడా, లేదా? చెప్పకపోతే తప్పు అతనిది. నువ్వు ఒక్క మాట రాసిస్తే నీ వరకు అయిపోతుంది," అన్నాడు సూర్యప్రకాశరావు. అతను చెడ్డవాడు కాదు. తన దగ్గర పనిచేసిన మనిషిని కాపాడుకోవాలని చూస్తున్నాడు.

సోమేశ్వర్ బల్ల వైపు చూస్తూ, "చెప్పిండు సార్," అన్నాడు.

"చెప్పాడా? చెప్పినా వదిలావా?"

"వదిలిన."

"ఎందుకు?"

సోమేశ్వర్ బోడకుంట మాట ఎత్తలేదు. ఎక్కుతుందనుకున్నానని చెప్పాడు.

పెంటయ్య ఉద్యోగం నిలిచింది. సోమేశ్వర్‌ను చార్టు ముందు నుంచి లేపేశారు. ప్రమోషను ఆగిపోయింది. అదే భవనంలో కింది అంతస్తులో, ఏ నెలలో ఎన్ని పెట్టెలు ఎన్ని గంటలు ఊరికే నిలబడ్డాయో కూడికలు వేసే గదిలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. శకుంతల మొదట్లో, "ఎవరి కోసమో మీ కొలువు మీరే పాడు చేసుకున్నరు," అని ఏడ్చింది. తర్వాత అనడం మానేసింది. అతనూ ఇంట్లో మాట్లాడటం తగ్గించాడు. సంగారెడ్డిలో ప్రహ్లాద్ సేఠ్ మాత్రం చివరిదాకా తన కొడుకు రైళ్ళు నడుపుతున్నాడనే చెప్పుకున్నాడు.

సోమేశ్వర్‌కు అన్నిటికన్నా నొప్పి కలిగించింది వేరే. పెంటయ్య రావడం మానేశాడు. విచారణలో సోమేశ్వర్ ఏం చెప్పాడో అతనికి తెలిసింది. తెలిసిన తర్వాత ముఖం చూపించలేకపోయాడు. ఒకసారి పటాన్‌చెరు అంగడిలో ఎదురుపడితే, పెంటయ్య ఉల్లిగడ్డల కుప్పల పక్కనుంచి తప్పుకుని పోయాడు. సోమేశ్వర్ పిలవబోయి పిలవలేదు.

1999లో తనే పోయి కలిశాడు. అప్పటికి బోడకుంటలో లోతు బోరింగు కూడా చెడిపోయి, సగం ఊరు ఖాళీ అయింది. పెంటయ్య కళ్ళ పరీక్షలో తప్పి రెండేళ్ళ ముందే ఇంజను దిగాడు. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ కూలీలుండే గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నాడని ఎవరో చెబితే, సోమేశ్వర్ వెతుక్కుంటూ వెళ్ళాడు. మొగులమ్మ మంచంలో ఉంది. ఆమె మూత్రపిండాలు పనిచేయడం లేదు. లేవబోయి లేవలేక, పడుకునే చేతులు జోడించింది. పక్క గదిలో బీహారు పిల్లలెవరో రేడియో గట్టిగా పెట్టారు.

పెంటయ్య తలుపు దగ్గరగా వేసి వచ్చి అన్నాడు. "సార్, ఆ దినం ఇంజన్ గురించి నేను అబద్ధం ఆడిన."

"నాకెరుక."

"ఇంకొగలు చెప్పినాంక ఎరుకయ్యిందా?"

"లేదు పెంటయ్యా. నువ్వు అన్నప్పుడే ఎరుక."

పెంటయ్య తల ఎత్తి అతన్ని చూశాడు. చూపు సరిగ్గా ఆనక కళ్ళు చికిలించాడు. ఆ మాట అతనికి ఊరట అవుతుందని సోమేశ్వర్ అనుకున్నాడు. కాలేదు. ఇన్నాళ్ళూ తనొక్కడే మోసిన తప్పు ఇద్దరిదీ అని తెలిస్తే తేలిక కావాలి గదా. పెంటయ్య ఇంకా కిందికి వంగిపోయాడు.

"నేనున్నా గంతే జేసిపోతుండిరేమో సార్ వాళ్ళు," అన్నాడు చివరికి. "జీపు దిగి నడిసేటోళ్ళు గాదు." సోమేశ్వర్ కోసం అన్నాడో, తన కోసం అన్నాడో తెలియదు. నిజమో కాదో ఇద్దరికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

సోమేశ్వర్ ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాడు. రెండోసారి మొగులమ్మ పోయి పదకొండో రోజు. మూడోసారి పోతే గదికి తాళం ఉంది. పెంటయ్య కొడుక్కి జిన్నారం అవతల గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో కొలువు దొరికిందనీ, తండ్రిని కూడా అక్కడికే తీసుకుపోయాడనీ ఇంటి యజమానురాలు నర్సింహమ్మ చెప్పింది.

"ఆడ నీళ్ళు మంచిగున్నయా?" అని అడిగాడు సోమేశ్వర్.

"ఆడ ఇంకా గలీజు అంట అన్నా. మొన్న అచ్చినప్పుడు ఆ పోరడే చెప్పిండు. గని కొలువు ఆడనే దొరికె, ఏం జేస్తరు," అంది ఆమె.

సోమేశ్వర్ గల్లీ దాటి రోడ్డు మీదికి వచ్చాడు. గడ్డపోతారం వైపు పోయే షేర్ ఆటో ఒకటి, మనిషి కోసం ఆగి ఉంది. డ్రైవరు "అస్తరా సార్, ఒక్క సీటున్నది," అని అడిగాడు. తనను చూస్తే పెంటయ్య మళ్ళీ కిందికి వంగిపోతాడనిపించింది. సోమేశ్వర్ రానని చెయ్యి ఊపి, ఇంటి దారి పట్టాడు.